నలభై ఒకటో మేకు

తాళాల మేస్త్రి ఇంట్లో అడుగుపెట్టాలంటే ముందు గేటు తాళం తియ్యాలి. తర్వాత వరండా జాలీకి ఒకటి. ఆ తర్వాత వీధి తలుపుకి రెండు. ఇంత కష్టపడి లోపలికి వెళ్లాక ఏముంటుందయ్యా అంటే నాలుగు కుర్చీలు, ఒక మంచం, గోడ నిండా లెక్కల పుస్తకాలు. ఊరికే ఇస్తాం పట్టుకెళ్లమన్నా ఏ దొంగా ముట్టుకోని సొత్తు. అయినా మేస్త్రి లెక్క మేస్త్రిది.

"తాళం ఒకటైతే దొంగకి పని. రెండైతే ఆలోచన. మూడైతే విరక్తి," అంటాడాయన.

"దొంగ సంగతేమో గానీ, రెండు చేతుల్లో కూరల సంచులు పట్టుకుని నిలబడితే నాకు మాత్రం రోజూ విరక్తి వస్తోంది," అంటుంది ఆయన భార్య. ఆవిడ ముప్ఫై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైంది. వీధివీధంతా ఆవిడని టీచరమ్మ అనే పిలుస్తుంది. మేస్త్రి కూడా నలుగురిలో అలాగే అంటాడు, ఒక్కోసారి ఇంట్లో కూడా.

మేస్త్రి కొట్టు వీధి మలుపులో ఉంది. పట్టుమని పదడుగులుండదు. తాళంచెవులు కోసే మిషను, నాలుగైదు ఆకురాళ్లు, ఇనప రజను వాసన, గోడకి ఒక చెక్క బోర్డు. బోర్డు మీద వరసగా అరవై మేకులు, ప్రతి మేకుకీ ఒక నంబరు. ఆ మేకులకి వేలాడేవన్నీ జనం ఆయన దగ్గర దాచుకున్న డూప్లికేటు చెవులు. తాళం అమ్మేటప్పుడు ఆయన రెండో చెవి తప్పకుండా చేసిచ్చేవాడు, ఇచ్చి ఒక మాట చెప్పేవాడు. "ఇది ఇంట్లో పెట్టుకోకండి. ఇంటికి తాళం పడ్డాక ఇంట్లో ఉన్న చెవి ఎందుకు పనికొస్తుంది?" నిజమే కదా అని జనం దాన్ని ఆయన దగ్గరే వదిలేసి వెళ్లేవాళ్లు. ఎవరి చెవి ఏ తలుపుదో ఆయన అడగడు. తనకి తానుగా ముట్టుకోడు. తుడవాల్సి వస్తే బోర్డుని తుడుస్తాడు గానీ చెవుల్ని తుడవడు. నలభై ఏళ్ల వ్యాపారంలో ఆయన మీద ఒక్క మాట పడలేదంటే ఈ పద్ధతి వల్లే.

నలభై ఒకటో మేకుకి ఒక చిన్న తోలుసంచి వేలాడుతూ ఉండేది. అది టీచరమ్మది. మూడేళ్ల క్రితం ఒకరోజు వచ్చి, "ఇది ఇక్కడుండనివ్వండి," అని తగిలించి వెళ్లింది. ప్రతి సోమవారం మధ్యాహ్నం భోజనం క్యారేజీ తెచ్చినప్పుడు దాన్ని తీసుకెళ్తుంది, సాయంత్రం ఫ్లాస్కులో టీ తెచ్చినప్పుడు తిరిగి తగిలిస్తుంది. అందులో ఏ పెట్టె తాళంచెవి ఉందో ఏమిటో మేస్త్రికి తెలియదు. పెళ్లామైనంత మాత్రాన పద్ధతి పద్ధతి కాకుండా పోతుందా? అడగలేదు.

కొట్టుకొచ్చిన ప్రతి ఒక్కరికీ ఆయన చెప్పే ముక్క ఇంకొకటుంది. "మీ తాళం బాగోలేదండీ, నేను మారుస్తానండీ అని ఎవడైనా తనంతట తాను వచ్చి తలుపు తడితే వాడిని గుమ్మం ఎక్కనివ్వకండి. మంచి తాళాలవాడు మీ ఇంటికి రాడు. మీరే వాడి దగ్గరికి వెళ్లాలి." ఈ ముక్క వీధిలో చంటిపిల్లలకి కూడా కంఠతా వచ్చు.

ఇక కంప్యూటరు సంగతి. అది టీచరమ్మ రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో కొన్నది. ఆవిడ ఒక పుస్తకం రాస్తోంది. లెక్కలంటే భయపడే పిల్లల కోసం సరదా లెక్కలు, చిక్కు లెక్కలు, కథ లెక్కలు. ఉద్యోగం చేస్తున్న రోజుల్లోనే పాత జవాబు పత్రాల వెనక రాసుకునేది. మొత్తం పదకొండేళ్ల పని. కంప్యూటరు వచ్చాక రెండు వేళ్లతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ అన్నీ ఎక్కించింది, ఎక్కించాక కాగితాలు పాతపేపర్లవాడికి వేసేసింది. రెండు వందల పద్నాలుగు లెక్కలు. ఆ శనివారం ప్రెస్సుకి పంపాలి. ప్రెస్సాయన అచ్చు మొదలెట్టే తేదీ కూడా చెప్పేశాడు.

ప్రతి లెక్కనీ ఆవిడ ముందు మేస్త్రి మీద ప్రయోగించేది. పొద్దున టీ తాగుతుండగా మొదలెట్టేది. ఆయనకి ఒక్కటీ వచ్చేది కాదు. ఆయనకి రాలేదంటే లెక్క బాగుందని, మధ్యాహ్నానికల్లా వచ్చేసిందంటే మరీ తేలికైపోయిందని ఆవిడ కొలత. మధ్యాహ్నానికి వచ్చిన సందర్భాలు ఇంతవరకూ లేవు.

అలాంటి పుస్తకం ఉన్న కంప్యూటరుకి మేస్త్రి కాపలా పెట్టకుండా ఉంటాడా? వైరస్‌లు అనే దొంగలుంటారని, వాటిని ఆపడానికి యాంటీవైరస్ అనే తాళం ఉంటుందని ఎవరో చెప్పారు. ఒకటి వేశాడు. మనసొప్పక రెండోది వేశాడు. ఒక పండగ రోజు చూసుకుని మూడోది కూడా వేశాడు. ఒక ఒరలో రెండు కత్తులే ఇమడవు, ఇక్కడ మూడు! ఆ ముగ్గురు కాపలావాళ్లూ దొంగల్ని వదిలేసి ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు. నువ్వు దొంగవంటే నువ్వు దొంగవని ఒకటే గోల. కంప్యూటరు ఆన్ చేసి, స్నానం చేసి, బట్టలు ఆరేసి వస్తే అప్పటికి తెర వెలిగేది.

"అన్నిటినీ మూడేసి సార్లు తనిఖీ చేస్తోంది. ఆ మాత్రం టైం పట్టదూ!" అని మేస్త్రి మురిసిపోయేవాడు.

టీచరమ్మ ఒక చీటీ రాసి తెర అంచుకి అతికించింది. "ఎవరేం అడిగినా 'సరే' నొక్కకండి." చీటీ అతికించి ఏడాదైంది. ఏడాదిగా కళ్లముందున్న చీటీని ఏ మొగుడు చదువుతాడు?

ఆ గురువారం టీచరమ్మ తన పాత స్కూలుకి వెళ్లింది. పుస్తకంలోని కొన్ని లెక్కలు పిల్లల చేత ఒకసారి చేయించి చూద్దామని. మేస్త్రి గురువారాలు కొట్టు ఆలస్యంగా తీస్తాడు. పొద్దున కాసేపు కంప్యూటరు ముందు కూర్చుని పాతకాలపు తాళాల బొమ్మలు చూడ్డం ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం. కోటలకి వేసేవి, భోషాణాలకి వేసేవి, చేప ఆకారంలో ఉండేవి. చూస్తూ చూస్తూ ఎక్కడో ఒక బొమ్మ నొక్కాడు. అంతే, తెరంతా ఎర్రబడింది. పెద్ద సైరన్ మోత. మధ్యలో అక్షరాలు.

"ప్రమాదం! మీ కంప్యూటరులో మూడు వందల నలభై ఏడు వైరస్‌లు ఉన్నాయి. మీ తాళాలు పనిచెయ్యడం లేదు. వెంటనే కొత్త తాళం బిగించండి."

మేస్త్రి కుర్చీ ముందుకు లాక్కున్నాడు. మూడు వందల నలభై ఏడా! రెండు వందల పద్నాలుగు లెక్కలకి మూడు వందల నలభై ఏడు మంది దొంగలా! అక్షరాల కింద బంగారు రంగులో ఒక తాళంకప్ప బొమ్మ ఉంది. ఎవడు వేశాడో గానీ ముచ్చటగా వేశాడు. కొక్కెం వంపు, చెవి దూరే రంధ్రం మీద మూత, అన్నీ కొలత ప్రకారం ఉన్నాయి. ఇంత బాగా తాళం వెయ్యడం తెలిసినవాడు చెడ్డవాడెందుకవుతాడు? నొక్కాడు.

"కొత్త తాళం బిగించే ముందు పాత తాళాలు తీసెయ్యాలి. తియ్యమంటారా?" అని అడిగింది.

ఇంకొకరైతే ఇక్కడ ఒక్క క్షణం ఆగేవాళ్లేమో. మేస్త్రి ఆగలేదు. ఎందుకంటే అది ఆయనకి అన్నం తిన్నంత మామూలు విషయం. పాత తాళం స్క్రూలు విప్పకుండా కొత్తది బిగించడం ఏ పనివాడి వల్లా కాదు. అడిగిన తీరు చూస్తే వీడెవడో పని తెలిసినవాడే అనిపించింది. ఒక్కో కాపలావాడూ "నన్ను నిజంగా తీసేస్తారా?" అని దీనంగా అడిగాడు. "సరే," "సరే," "సరే" అని మూడుసార్లు నొక్కాడు. పైన చీటీ ఉన్నది ఉన్నట్టే ఉంది.

దొంగ చేతికి తాళాలివ్వడం అంటే అదే. రెండు నిమిషాల్లో సైరన్ ఆగిపోయింది. మేస్త్రి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. పుస్తకం క్షేమంగా ఉందో లేదో చూద్దామని తెరవబోతే, పుస్తకం ఉండాల్సిన చోట చిన్న తాళం బొమ్మ. పక్కనున్న ఫొటోల మీద తాళం బొమ్మ. కరెంటు బిల్లుల మీద కూడా. దేన్ని నొక్కినా తెరుచుకోదు. తెర మీద మాత్రం కొత్త అక్షరాలు. "మీ ఫైళ్లన్నిటికీ మేము తాళం వేశాం. డబ్బు కడితే తాళంచెవి ఇస్తాం."

ఆయన ఇంట్లో ఆయన సొత్తుకి ఎవడో తాళం వేసి, చెవి ఆయనకే అమ్ముతానంటున్నాడు! మేస్త్రికి ముందు కోపం వచ్చింది. తర్వాత టీచరమ్మ రెండు వేళ్లతో అక్షరాలు వెతుక్కుంటున్న దృశ్యం కళ్ల ముందు మెదిలింది. ప్లగ్గు పీకేసి, సీపీయూ డబ్బాని దుప్పట్లో చుట్టి, చంకనెత్తుకుని బయల్దేరాడు. నాలుగు తాళాలూ వేసే వెళ్లాడు. అలవాటు ఎక్కడికి పోతుంది?

రెండు వీధులవతల కంప్యూటర్లు బాగుచేసే ఆవిడ కొట్టుంది. నలభై దాటిన మనిషి, కళ్లద్దాలు తల మీదకి ఎక్కించుకుని వాటి కోసం బల్లంతా వెతుకుతుంటుంది. వీధిలో అందరూ డాక్టరమ్మ అంటారు. ఆవిడ షట్టరుకి తాళం బిగించింది మేస్త్రే, రెండో చెవి పన్నెండో మేకుకి ఉంది.

"ఏం బాబాయ్, దుప్పట్లో ఎవరు? పాపా, బాబా?" అని నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. వైర్లు తగిలించి, చూసి, జరిగింది మొత్తం ఆయన నోటితోనే చెప్పించింది.

"అంటే బాబాయ్, ముగ్గురు కాపలావాళ్లనీ మీరే బయటికి పంపేసి, దొంగని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చారన్నమాట."

"కొత్త తాళం బిగించాలంటే పాతది విప్పొద్దా అమ్మా?"

"విప్పాలి. విప్పమన్నది ఎవడో చూసుకుని విప్పాలి. తనంతట తాను వచ్చి తలుపు తట్టేవాడి గురించి మీరు మా అందరికీ ఏదో చెబుతుంటారు చూడండీ..."

మేస్త్రి తల దించుకున్నాడు. అందరికీ శకునం చెప్పే బల్లి తాను కుడితిలో పడ్డట్టయింది ఆయన పని.

"నలభై ఏళ్లలో నేను తియ్యలేని తాళం లేదు. ఇది కూడా తీస్తాను. ఎలా ఉంటుందో చూపించు," అన్నాడు పౌరుషంగా.

"దీని చెవికి పళ్లు లక్షల కోట్లు ఉంటాయనుకోండి. మీరు కాదు, నేను కాదు, ఎవరూ ఆకురాయితో అరగదీసి చెయ్యలేరు."

అలాంటి తాళం చేసినవాడి మీద మేస్త్రికి ఒక్క క్షణం గౌరవం కలిగింది. వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది. "పోనీ ఆ డబ్బేదో వాళ్ల మొహాన కొడితే?"

"కొట్టాక చెవి ఇస్తారని ఎవరు పూచీ? దొంగా? వద్దు బాబాయ్." ఆవిడ తల మీది కళ్లద్దాలు దొరకపుచ్చుకుని పెట్టుకుంది. "డబ్బా మొత్తం తుడిచేసి, కొత్తగా అన్నీ పెట్టిస్తాను. కాపలావాడు ఒక్కడు చాలు, మంచివాడైతే. వాడికి మాత్రం కొత్తగా తిరిగే దొంగల ఫొటోలు ఎప్పటికప్పుడు చూపిస్తుండాలి. అప్‌డేట్ అంటే అదే. అది సరే, పిన్ని పుస్తకానికి కాపీ ఉందా?"

"కాపీ అంటే?"

"డూప్లికేటు బాబాయ్! రెండో చెవి! బయట ఎక్కడైనా దాచారా అని."

ఊరందరి చేతా రెండో చెవి చేయించి బయట దాయించిన మేస్త్రికి, ఇంట్లో పదకొండేళ్ల పనికి రెండో చెవి చెయ్యాలని తట్టనే లేదు.

మధ్యాహ్నం కొట్టు తీశాడు గానీ మనసు పని మీద లేదు. ఒక బీరువా చెవికి పన్ను ఎక్కువ కోసేశాడు. పదేళ్లలో మొదటి తప్పు. సాయంత్రం టీచరమ్మ స్కూలు నుంచి నేరుగా ఇక్కడికే వస్తుంది. ఏం చెప్పాలి? కరెంటు ఎక్కువొచ్చి కాలిపోయిందంటే? "ఎన్నింటికి? ఎంతసేపు? మరి ఫ్యాను ఎందుకు కాలలేదు?" అని అడుగుతుంది. ముప్ఫై ఏళ్లు పిల్లల అబద్ధాలు విన్న మనిషి ముందు తాను మూడో ప్రశ్నకే దొరికిపోతాడు. అయినా అసలు బాధ దొరికిపోవడం గురించి కాదు. ఆవిడ జీవితంలో తన కోసం తాను చేసుకున్న పని ఆ ఒక్కటే. దాన్ని కాపాడతానని తానే ముందుకొచ్చాడు, తానే పోగొట్టాడు. కంచే చేను మేసిందంటే ఇంకెలా ఉంటుంది?

అయిదింటికి ఆవిడ ఉత్సాహంగా వచ్చింది. "ఏవండీ, పిల్లలు ఎంత అల్లరి చేశారనుకున్నారు! బెల్లు కొట్టినా కదల్లేదు. ఇంకో లెక్క, ఇంకో లెక్క అని..." అంటూ స్టూలు లాక్కుని కూర్చుంది. "అలా ఉన్నారేమిటి? ఒంట్లో బాగోలేదా?"

"తలుపు నేనే తీశాను," అన్నాడు మేస్త్రి. పొద్దున నుంచి కూడబలుక్కున్నదంతా ఎగిరిపోయి ఆ ముక్క మిగిలింది. మిగతాది నత్తినత్తిగా చెప్పాడు. ఎర్ర తెర, బంగారు తాళం, మూడు 'సరే'లు, దుప్పటి, డాక్టరమ్మ. "నీ పుస్తకం పోయింది. నేనే పోగొట్టాను. నన్నేమన్నా పడతాను."

కోపం వస్తే టీచరమ్మ వంద నుంచి ఏడేసి తీసేస్తూ వెనక్కి లెక్కపెడుతుంది. వంద, తొంభై మూడు, ఎనభై ఆరు... పెదాలు కదులుతున్నాయి. ముప్ఫై దగ్గరికి వచ్చేసరికి మేస్త్రికి చెమటలు పట్టాయి. రెండు దాకా వెళ్లి ఆగింది. లేచింది. బోర్డు దగ్గరికి వెళ్లి నలభై ఒకటో మేకు నుంచి తోలుసంచి తీసింది.

"ఇందులో ఏముందో ఎప్పుడూ చూడలేదా?"

"ఇంకొకరి చెవి నేనెందుకు చూస్తాను?"

"మూడేళ్లలో ఒక్కసారి కూడా?"

"ఒకసారి చెయ్యి వెళ్లింది," అన్నాడు మేస్త్రి. అబద్ధం ఆడే ఓపిక లేదు. "వెనక్కి తీసేసుకున్నాను."

ఆవిడ జిప్పు లాగింది. లోపల బొటనవేలంత పెన్‌డ్రైవ్. "మీరు పోయిందన్న నా పుస్తకం ఇక్కడుంది. సోమవారం సోమవారం ఇంటికి తీసుకెళ్లి కాపీ చేసి తెచ్చేది దీన్లోకే. రెండో చెవి ఇంట్లో ఉండకూడదని ఎవరు చెప్పారు? ముప్ఫై అయిదేళ్ల నుంచి వింటున్నాను, ఆ మాత్రం నేర్చుకోనా?"

మేస్త్రి మిషను మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కళ్లలో నీళ్లు మాత్రం తిరిగాయి, ఇనప రజను పడిందన్నట్టు భుజాన తువ్వాలుతో ఒత్తుకున్నాడు.

"నాకొక మాట చెప్పి ఉండొచ్చుగా!"

"చెబితే దీనికి కూడా మూడు తాళాలు వేసేవారు."

"మరీ అంత నమ్మకం లేదన్నమాట నా మీద."

టీచరమ్మ ఇప్పుడు నవ్వింది. "ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చున్న మిమ్మల్ని చచ్చినా నమ్మను. ఈ బోర్డు దగ్గర మాత్రం మిమ్మల్ని తప్ప ఇంకెవర్నీ నమ్మను. మా అక్క ఇంట్లో పెడితే ఏమిటని విప్పి చూస్తుంది. స్కూల్లో పెడితే పోగొడతారు. ఊరంతా ఆలోచిస్తే, ఇచ్చినదాన్ని ఇచ్చినట్టు ఉంచేవాడు ఒక్కడే కనిపించాడు. తీసుకొచ్చి మీ దగ్గరే తగిలించాను."

శుక్రవారం మధ్యాహ్నానికి డాక్టరమ్మ డబ్బాని తుడిచి, ఒక్క కాపలావాడిని పెట్టి, దుప్పటి ఉతికించుకోమని చెప్పి పంపింది. లెక్కలన్నీ వచ్చేశాయి, మంగళవారం రాసిన రెండూ, బుధవారం రాసిన ఒకటీ తప్ప. ఆవిడకి లెక్కలు గుర్తే గానీ అంకెలు గుర్తు లేవు. మేస్త్రికి అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి. జవాబు రాని మనిషి లెక్కని అంత తేలిగ్గా మర్చిపోలేడు, మూడు రోజులుగా అవే నములుతున్నాడు. ఆయన చెబుతుంటే ఆవిడ రెండు వేళ్లతో కొట్టింది.

"మరి జవాబులు?" అంది.

మూడింటికీ చెప్పాడు. మూడూ తప్పే.

"అమ్మయ్య, లెక్కలు బాగానే ఉన్నాయి," అని ఆవిడ పుస్తకం శనివారం పొద్దున్నే ప్రెస్సుకి పంపేసింది.

మేస్త్రి ఆ వారంలోనే వరండా జాలీ తాళం పీకేశాడు. కారణం అడిగితే తుప్పు పట్టిందన్నాడు. తెర అంచున పాత చీటీ తీసేసి, తన చేత్తో కొత్తది రాసి అంటించాడు. "తలుపు తట్టినవాడికి తియ్యను." అక్షరాలు పెద్దవిగా రాశాడు, తను చదువుకోవడానికి.

సోమవారం మధ్యాహ్నం టీచరమ్మ క్యారేజీ పెట్టి తోలుసంచి తీసుకెళ్లింది. సాయంత్రం టీతో పాటు తెచ్చి నలభై ఒకటో మేకుకి తగిలించింది. కోసిన చెవి కోసం ఎదురుచూస్తున్న పెద్దమనిషి ఒకాయన దాన్ని చూసి, "అన్నీ చెవులే ఉన్నాయి, ఆ ఒక్కటీ సంచిలో ఉందేం మేస్త్రిగారూ? అంత విలువైన తాళమా? ఏమిటది?" అని అడిగాడు.

"ఏమో అండీ," అన్నాడు మేస్త్రి, ఆకురాయి తీసుకుంటూ. "ఎవరో నమ్మి పెట్టి వెళ్లారు. మనం అడక్కూడదు."